మంచివాళ్లు నడిపే బడికి నియమాలెందుకు?



ధమ్మ బంధువులారా, ఈసారి కాస్త ఇబ్బంది పెట్టే ప్రశ్న మీ ముందు పెడుతున్నాను. మనకు మేలు చేసేవాళ్లను మనం ప్రశ్నించవచ్చా? ప్రశ్నిస్తే అది చేసిన మేలు మరిచిపోవడం అవుతుందా?

గాల్లో అడగడం లేదు. మీ పేటలోనే ఉండే ఒక తల్లిని తలుచుకోండి. కొడుక్కి తొమ్మిదేళ్లు. మాటలు రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. కుక్కర్ కూస్తే రెండు చెవులూ మూసుకొని అరుస్తాడు. సర్కారు బడిలో చేర్చుకున్నారు గానీ రెండు నెలలకే "మీవాడితో మిగతా పిల్లలకు ఇబ్బందమ్మా" అన్నారు. తాయెత్తు కట్టించమన్నవాళ్లున్నారు, దిష్టి తీయించమన్నవాళ్లున్నారు. చివరికి ఎవరో దయగలవాళ్లు నడిపే ప్రత్యేక బడి దొరికింది. ఫీజు తక్కువ, వ్యాన్ ఇంటిదాకా వస్తుంది. ఇన్నేళ్లకు ఆమె నిశ్చింతగా పగటిపూట పనికి పోగలుగుతోంది. ఇప్పుడామె ఆ బడికి పోయి, "సార్, మావాణ్ని బాత్రూమ్‌కి ఎవరు తీసుకెళ్తారు? వాడు మారాం చేస్తే మీరేం చేస్తారు? మీ దగ్గర రాసిపెట్టుకున్న నియమాలేమన్నా ఉన్నాయా?" అని అడగగలదా? అడగదు. ధైర్యం చేసి అడిగినా, "అమ్మా, మా మీద నమ్మకం లేదా?" అని ఒక్క మాట అంటే తలొంచుకొని వచ్చేస్తుంది.

అడగాలి అనేదే నా జవాబు. ఎందుకు అడగాలో ధమ్మంలోంచే చెబుతాను.

ముందుగా ఒక అడ్డు తొలగించుకుందాం. ఆటిజం పిచ్చి కాదు, గాలి సోకడం కాదు, తల్లి పెంపకంలో లోపం అంతకన్నా కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా. కొందరికి మాట రాదు, కొందరు విన్నమాటే తిరిగి తిరిగి అంటారు, కొందరు బాగా మాట్లాడతారు గానీ ఎదుటివాడి మనసులో ఏముందో పట్టుకోలేరు. వెలుతురు, చప్పుడు, తాకిడి మనకన్నా ఎక్కువగా బాధించవచ్చు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఇది కూడా ఉంది. పోయిన జన్మలో చేసిన కర్మ ఈ జన్మలో వైకల్యంగా వస్తుందనే మాటను బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో నిరాకరించారని మీకు తెలుసు. అయినా మన ఇళ్లల్లో ఆ మాట ఇంకా చావలేదు. బిడ్డది పాత పాపం అనుకున్నచోట, బడిలో దెబ్బ తగిలినా 'వాడి రాత' అనే అంటారు. కర్మ సిద్ధాంతం చేసే పెద్ద హాని ఇదే. దెబ్బ కొట్టినవాడి చేతిని అది కనపడనీయదు.

ఇక కృతజ్ఞత సంగతి. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చేసిన ప్రసంగంలో మనం తరచుగా చెప్పుకునేది సామాజిక ప్రజాస్వామ్యం గురించిన భాగం. అదే ప్రసంగంలో ఇంకో హెచ్చరిక ఉంది. దేశానికి జీవితమంతా సేవ చేసిన పెద్దల పట్ల కృతజ్ఞత చూపడంలో తప్పు లేదు గానీ దానికి కూడా ఒక హద్దు ఉందని ఆయన చెప్పారు. భక్తి, వ్యక్తిపూజ రాజకీయాల్లోకి వస్తే అవి పతనానికి దారి అన్నారు. అది దేశనాయకుల గురించి కదా, వీధి చివర బడికి ఏం సంబంధం అనకండి. మనవాళ్ల బతుకుల్లో దేశనాయకుడు ఎప్పుడో ఒకసారి కనబడతాడు. బడి పెట్టిన సారు, ఆశ్రమం పెట్టిన అమ్మగారు రోజూ కనబడతారు. అక్కడ మనం హక్కుదారులుగా నిలబడుతున్నామా, దానం పుచ్చుకునేవాళ్లలా చేతులు కట్టుకుంటున్నామా అన్నదే అసలు లెక్క. దానంగా వచ్చినదానికి లెక్క అడగకూడదని మనకు తరతరాలుగా నేర్పారు. మిగిలిన అన్నం పెట్టినవాణ్ని అది ఎప్పటిదని అడిగే ధైర్యం మన తాతలకు ఉండేదా?

మామూలు పిల్లల బడికంటే ఆటిజం ఉన్న పిల్లల బడిలో ఈ ప్రశ్న పదింతలు బరువెక్కుతుంది. మాట వచ్చిన పిల్లవాడు సాయంత్రం ఇంటికొచ్చి "సారు కొట్టాడు" అంటాడు. మాట రానివాడు ఒంటితోనే చెప్తాడు. ఉన్నట్టుండి వ్యాన్ ఎక్కనని మొండికేస్తాడు. నిద్రలో పక్క తడుపుతాడు. తల గోడకేసి బాదుకుంటాడు. స్నానానికి బట్టలు విప్పబోతే వణికిపోతాడు. అప్పుడు మనమందరం, తల్లిదండ్రులం, టీచర్లం, డాక్టర్లం కూడా, ఏమంటాం? "ఆటిజం కదా, అట్లానే ఉంటుంది" అంటాం. ఆ ఒక్క మాటతో వాడి ఫిర్యాదు కొట్టేశాం. ఇంగ్లండులో బడులన్నింటికీ ప్రభుత్వం జారీచేసే పిల్లల రక్షణ మార్గదర్శకాల్లో ఈ ప్రమాదాన్ని ప్రత్యేకంగా రాశారు. వైకల్యం ఉన్న పిల్లల ప్రవర్తనలో, మూడ్‌లో మార్పు వచ్చినా, ఒంటి మీద దెబ్బ కనబడినా, విచారించకుండా దాన్ని వైకల్యం ఖాతాలో వేయవద్దని టీచర్లకు చెబుతారు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ పిల్లలకు మనం మొదట నేర్పేది చెప్పినమాట వినడం. కూర్చో అంటే కూర్చోవాలి, చెయ్యివ్వు అంటే ఇవ్వాలి. బట్టలు మార్చేది, కడిగేది పెద్దవాళ్లే కాబట్టి ఎవరు తాకినా ఒప్పుకోవడం అలవాటైపోతుంది. 'వద్దు' అనడం మాత్రం నేర్పం. బొమ్మల కార్డుల్లో అన్నం ఉంటుంది, నీళ్లు ఉంటాయి, బంతి ఉంటుంది. 'నొప్పి', 'ఆపు', 'భయం' అనే కార్డులు ఉన్నాయా? ఒంట్లోని అవయవాల బొమ్మలు ఉన్నాయా? వద్దు అనే మాట లేని పిల్లవాణ్ని బుద్ధిమంతుడని మెచ్చుకుంటున్నామంటే మనమేం మెచ్చుకుంటున్నట్టు?

ఇంగ్లండు మాట వచ్చింది కాబట్టి అక్కడిదే ఒక ఘటన. డాన్‌కాస్టర్ ప్రాంతంలో మూడు ప్రత్యేక బడులు, హాస్టల్‌తో సహా నడిచేవి. 2018 నుంచి 2021 మొదటి నెలల వరకు అక్కడున్న 108 మంది పిల్లలు, యువకుల విషయంలో జాతీయ స్థాయి సమీక్ష జరిగింది. ఎక్కువమంది ఆటిజం, మేధోవైకల్యం ఉన్నవాళ్లే. 55 స్థానిక ప్రభుత్వాలు వాళ్లను అక్కడికి పంపాయి. కొట్టడం, పట్టించుకోకుండా వదిలేయడం, మనసుకు గాయం చేయడం జరిగాయని 2022లో వచ్చిన నివేదిక తేల్చింది. ఆ బడులను తనిఖీ సంస్థ అప్పటిదాకా 'మంచివి' అనే లెక్కలోనే ఉంచింది. ఫైళ్లు లేక కాదు, చట్టం లేక కాదు. పిల్లలు ఇళ్లకు చాలా దూరంగా ఉన్నారు. చాలామందికి మాట లేదు. వాళ్ల బాధ వాళ్ల వైకల్యంలో భాగంగానే కనబడింది. అంత డబ్బు, అంత చట్టం ఉన్న దేశంలోనే ఇదీ పరిస్థితి.

"చూశారా, కాగితాలున్నా జరిగిందిగా, ఇక నియమాలెందుకు? మనుషులు మంచివాళ్లయితే చాలు" అని మీరనవచ్చు. రాజ్యాంగం ఎంత మంచిదైనా దాన్ని అమలుచేసేవాళ్లు చెడ్డవాళ్లయితే చెడ్డదే అవుతుందని బాబాసాహెబ్ కూడా ఆ ప్రసంగంలోనే అన్నారు కదా అని గుర్తుచేయవచ్చు. న్యాయమైన అభ్యంతరమే. దీనికి వినయపిటకం దగ్గరికి పోదాం.

బుద్ధుడి సంఘంకంటే మంచివాళ్ల సంఘం ఇంకోటి చూపించగలమా? అయినా ఆయన దాన్ని మంచితనానికే వదిలేయలేదు. నియమాలను ముందే కూర్చొని ఊహించి పెట్టలేదు కూడా. శారిపుత్రుడు ముందుగా అడిగినా, సమయం రానివ్వమన్నాడు. ఏదో ఒకటి జరిగింది, విచారించాడు, అప్పుడు నియమం పెట్టాడు. అందుకే వినయంలో ప్రతి నియమానికీ వెనక ఒక కథ ఉంటుంది. రాజగృహంలో పదిహేడు మంది పిల్లల కథ చూడండి. ఉపాలి అనే పిల్లవాడి తల్లిదండ్రులు వీడికి ఏ పని నేర్పాలా అని ఆలోచించారు. రాతపని నేర్పితే వేళ్లు నొప్పి, లెక్కలు నేర్పితే గుండె నొప్పి, భిక్ఖువైతే సుఖంగా తిని పడుకుంటాడనుకున్నారు. వాడూ, వాడి స్నేహితులూ కలిసి సంఘంలో చేరారు. తెల్లవారుజామున లేచి గంజి కావాలి, అన్నం కావాలి అని ఏడ్చారు. ఆ ఏడుపు బుద్ధుడు విన్నాడు. ఆనందుణ్ని అడిగి సంగతి తెలుసుకున్నాడు. ఇరవై ఏళ్లు నిండనివాళ్లకు ఉపసంపద ఇవ్వకూడదని నియమం పెట్టాడు. అక్కడ భిక్ఖువులు దుర్మార్గులు కారు. పిల్లల ఒళ్లు ఏం తట్టుకోగలదో ఆలోచించని మంచివాళ్లు. రాహులుణ్ని సంఘంలో చేర్చుకున్నప్పుడు తాత శుద్ధోదనుడు బాధపడి, ఇకముందు తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎవరి బిడ్డనూ చేర్చుకోవద్దని కోరాడు. బుద్ధుడు ఒప్పుకున్నాడు. ఆ నియమానికి దారితీసింది బుద్ధుడి సొంత బిడ్డ సంగతే. స్థాపించినవాడే నియమానికి తలవంచాడన్నమాట. మన ప్రత్యేక బడుల కరస్పాండెంట్లు ఈ కథ చదవాలి.

ఇంకోటి, మన విషయానికి నేరుగా తగిలేది. శ్రావస్తిలో విశాఖ అనే ఉపాసిక ఒక ఇంటికి వెళ్లింది. అక్కడ ఉదాయి అనే భిక్ఖువు ఒక అమ్మాయితో ఒంటరిగా, మరుగైన చోట కూర్చొని ఉన్నాడు. ఇది తగదని విశాఖ చెప్పింది. మీ మనసులో ఏ కోరికా లేకపోయినా చూసేవాళ్లను నమ్మించడం కష్టమని కూడా చెప్పింది. ఆయన పట్టించుకోలేదు. ఆమె సంఘానికి చెప్పింది. దానిమీద బుద్ధుడు నియమం పెట్టాడు. నమ్మదగిన ఉపాసిక చూసి చెబితే సంఘం దాన్ని విచారించాల్సిందే. ఇందులో రెండు సంగతులు గమనించండి. తప్పు జరిగిందని రుజువయ్యేదాకా ఆగలేదు. మరుగైన చోట ఒంటరిగా ఉండటమే విచారించదగిన సంగతి. రెండోది, ఆ మాట చెప్పింది సంఘం లోపలివాళ్లు కాదు. బయటి మనిషి, ఒక గృహిణి. ఆమె కంటికి, ఆమె నోటికి నియమంలోనే చోటిచ్చారు.

డాన్‌కాస్టర్‌లో లేనిది ఇదే. కాగితం ఉంది, విశాఖ లేదు.

విశాఖ లేనిచోట కాగితం ఎంతకు తెగిస్తుందో చెప్పడానికి అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని జడ్జ్ రోటెన్‌బర్గ్ సెంటర్ ఒక్కటి చాలు. ఆటిజం, ప్రవర్తన సమస్యలు ఉన్నవాళ్లు అక్కడ ఉంటారు. ఒంటికి తగిలించిన యంత్రంతో కరెంటు షాకులిచ్చి ప్రవర్తన మార్చడం అక్కడ 'చికిత్స'. దొంగచాటుగా కాదు, కోర్టు అనుమతితో, సంతకాలతో. 2007లో ఒక రాత్రి అక్కడి హాస్టల్‌కు ఫోన్ వచ్చింది. పెద్ద అధికారినని చెప్పుకున్న గొంతు ఇద్దరు కుర్రాళ్లకు షాకులివ్వమంది. సిబ్బంది నిద్ర లేపి ఇచ్చారు. ఒకరికి 77, ఇంకొకరికి 29. ఆ ఫోన్ చేసింది అధికారి కాదు, అక్కడ చదివిపోయిన పాత విద్యార్థి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆ యంత్రాన్ని 2020లో నిషేధిస్తే 2021లో కోర్టు నిషేధాన్ని కొట్టేసింది. 2022 చివర్లో చట్టం మార్చాక, 2024లో మళ్లీ నిషేధం ప్రతిపాదించారు. ఆ చర్చ అట్లా ఉంచండి. నన్ను పట్టుకున్నది ఆ రాత్రి సిబ్బంది. వాళ్లు రాక్షసులు కారు, జీతానికి పనిచేసే మామూలు మనుషులు. పైనుంచి వచ్చిన మాటను అడ్డగించి అడిగే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ నేర్పలేదు.

ఆ అలవాటు నేర్పడానికే వినయంలో పవారణ ఉంది. మూడు నెలల వర్షావాసం ముగిసిన రోజున ప్రతి భిక్ఖువూ, పెద్ద థేరుడితో మొదలుపెట్టి, సంఘం ముందు కూర్చొని తన తప్పు చెప్పమని అడుగుతాడు. చూసినదైనా సరే, విన్నదైనా సరే, అనుమానం ఉన్నదైనా సరే. మంచి రక్షణ విధానం ఉన్న బడిలో జరగాల్సిందీ ఇదే. కళ్లతో చూస్తేనే చెప్పాలనే పట్టింపు వద్దు. మాట రాని పిల్లవాడి విషయంలో కళ్లతో చూసినవాడు చాలాసార్లు తప్పు చేసినవాడొక్కడే అయి ఉంటాడు. అనుమానాన్ని నమ్రతగా, రాతపూర్వకంగా చెప్పుకునే చోటుండాలి. చెప్పినవాళ్ల ఉద్యోగం పోకూడదు. మొదట అడిగించుకోవాల్సింది పెద్ద థేరుడే, అంటే బడి పెట్టిన మనిషే.

ఇక్కడ ఒక మాట గట్టిగా అనాలి. ఈ బడుల్లో పిల్లల్ని కడిగేది, తినిపించేది, కరిపించుకునేది, గీరించుకునేది ఆయాలు. వాళ్లెవరు? చాలాచోట్ల మన పేటల ఆడవాళ్లే. చాలీచాలని జీతం, ఒక్కదాని చేతికింద పది మంది పిల్లలు. ఏదైనా బయటపడితే మొదట పోయేది ఆమె ఉద్యోగం, మొదట అనుమానించేది ఆమె కులం. ట్రస్టు బోర్డు ఫొటోలు మాత్రం గోడ మీద అట్లాగే ఉంటాయి. కాబట్టి రక్షణ నియమాలంటే ఆయాను నిలదీయడం అనుకోకండి. బాత్రూమ్‌కి ఇద్దరు వెళ్లాలి, పిల్లవాడు కరిచినా గీరినా రిజిస్టర్‌లో రాయాలి, పట్టుకోవాల్సి వస్తే ఎట్లా పట్టుకోవాలో శిక్షణ ఇవ్వాలి అనే నియమం ఆమెనూ కాపాడుతుంది. ఆ రెండో మనిషికి జీతమివ్వడానికి యాజమాన్యం ఒప్పుకోదు. గొడవంతా అక్కడే.

సరే, అడగాల్సింది ఏమిటి? పిల్లవాడు అదుపు తప్పినప్పుడు ఏం చేస్తారు? చేతులు కట్టేస్తారా, గదిలో పెట్టి గడియ వేస్తారా? ఎప్పుడైనా బలంగా పట్టుకోవాల్సి వస్తే ఆ రోజే ఇంటికి చెబుతారా, రాసిపెడతారా? వ్యాన్‌లో డ్రైవర్ కాక ఇంకెవరుంటారు? చివరగా దిగే పిల్లవాడితో ఎవరుంటారు? స్పెషల్ ఎడ్యుకేటర్‌కు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందా? సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ జరిగిందా? ఇది మన దయాదాక్షిణ్యాల మీద ఆధారపడింది కాదు, పోక్సో నియమాలు 2020 ప్రకారం పిల్లలతో పనిచేసే ప్రతి సంస్థా చేయాల్సిందే. చెప్పకుండా వెళ్లి చూడనిస్తారా? సీసీ కెమెరాలున్నాయని తృప్తిపడకండి. ఆ రికార్డు ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అని అడగండి. దాతల కోసం పిల్లల ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెడుతున్నారా అన్నదీ అడగండి. నోట్లోంచి చొంగ కారుతున్న మన బిడ్డ ముఖం ఎవరి చందాల రసీదు మీదా ఉండాల్సిన పని లేదు.

చట్టాల్లో మనవాళ్లు తికమక పడేది ఒకటుంది. పోక్సో లైంగిక నేరాలకే. కొట్టడం, మానసికంగా హింసించడం బడిలో విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధిస్తుంది. సంరక్షణలో ఉన్న పిల్లల పట్ల క్రూరత్వానికి జువెనైల్ జస్టిస్ చట్టం, వైకల్యం ఉన్నవాళ్ల మీద దాడికి 2016 చట్టం 92వ సెక్షన్ ఉన్నాయి. పోక్సో కింద, నేరం జరిగిందని తెలిసినవాళ్లెవరైనా చెప్పి తీరాలి. తన కిందివాళ్లు చేసిన నేరాన్ని దాచిన సంస్థ పెద్దకు ఏడాది దాకా జైలు. పిల్లవాడికి మాట రాదు కదా, సాక్ష్యం ఎట్లా అని పోలీసులు వెనక్కి పంపబోతే, స్పెషల్ ఎడ్యుకేటర్ సాయంతోనో, వాడి సైగలు తెలిసిన మనిషి సాయంతోనో వాంగ్మూలం తీసుకునే వీలు 26వ సెక్షన్‌లోనే ఉందని చెప్పండి. వాడి సైగలు తెలిసిన మనిషి అంటే తల్లే కావచ్చు. వాంగ్మూలం ఇంటిదగ్గరే ఇవ్వవచ్చు, యూనిఫాం లేకుండా రావాలి. 1098 నంబరు రాత్రీపగలూ పలుకుతుంది.

చివరిగా మన విహారాల సంగతి. ఆదివారం పిల్లల తరగతులు పెడుతున్నాం, వేసవిలో ధమ్మ శిబిరాలు పెట్టి రాత్రిళ్లు ఉంచుతున్నాం. ఆటిజం ఉన్న పిల్లల్ని కూడా తెమ్మంటున్నాం, తేవాలి కూడా. బడిని అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడా వర్తిస్తాయి. చీవరం కట్టినంత మాత్రాన, నీలి కండువా వేసుకున్నంత మాత్రాన ఎవరూ మినహాయింపు కాదు. వచ్చే వర్షావాసం ముగిసే పౌర్ణమికి ప్రతి విహారంలో ఒక పని చేయమని కోరుతున్నాను. పిల్లల విషయంలో చూసినది, విన్నది, అనుమానించినది ఎవరికి చెప్పాలో ఒక పేరు, ఒక ఫోన్ నంబరు తెలుగులో పెద్ద అక్షరాలతో గోడ మీద రాయండి. ఆ పేరు భంతేజీది కాకూడదు, కమిటీ అధ్యక్షుడిదీ కాకూడదు. వీలైతే, అట్లాంటి బిడ్డను పెంచుతున్న ఒక ఉపాసికది రాయండి.